తొలి లక్షణానికి ఏళ్ల ముందే: మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మెదడు గాయం ఎక్కడ మొదలవుతుంది?

ముప్ఫై ఏళ్లు నిండని యువతికి ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారుతుంది. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పి. ఎరుపు రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. దృష్టినాడికి వాపు వచ్చిందని వైద్యులు తేల్చి కొన్ని రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కిస్తారు. కొన్ని వారాల్లో చూపు చాలావరకు తిరిగి వస్తుంది. మెదడునూ వెన్నుపామునూ దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే జబ్బు ఎందరిలోనో ఇలాగే బయటపడుతుంది. కొందరిలో కన్నుకు బదులు కాలు మొద్దుబారడం, నడుస్తుంటే తూలడం, మెడ వంచితే వెన్ను పొడవునా కరెంటు పాకినట్టు అనిపించడం మొదటి లక్షణం.

చూపు వచ్చింది కాబట్టి గండం గడిచిందనుకోవడం సహజమే. కానీ అదే వారంలో మెదడుకు ఎం.ఆర్.ఐ. తీస్తే చాలామందిలో ఇంకెన్నో మచ్చలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని కొత్తవి, కొన్ని పాతబడినవి. ఆ పాతవి ఏర్పడిన రోజున ఆ మనిషి మామూలుగా పనికి వెళ్లి ఉంటారు, వంట చేసుకుని ఉంటారు, పరీక్ష రాసి ఉంటారు. క్రమం తప్పకుండా స్కాన్లు తీసి చూసిన అధ్యయనాల్లో, పైకి కనిపించే ఒక్కో దాడికి మెదడులో సుమారు 5 నుంచి 10 కొత్త మచ్చలు చడీచప్పుడూ లేకుండా వస్తాయని తేలింది. రోగి వైద్యుడి దగ్గరికి వచ్చిన మొదటి రోజు జబ్బుకు మొదటి రోజు కాదు. గత ముప్ఫై ఏళ్ల పరిశోధన ఈ ఒక్క విషయాన్నే మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకాస్త వెనక్కి జరుపుతూ చెబుతోంది.

తొడుగుతో పాటే తీగ

మెదడులోని నాడీకణం తన సంకేతాన్ని ఆక్సాన్ అనే పొడవైన తంతువు గుండా పంపుతుంది. ఆలిగోడెండ్రోసైట్ అనే సహాయక కణం తన కొమ్మలను చాచి, ఒక్కో కొమ్మతో ఆక్సాన్‌లోని ఒక్కో భాగాన్ని పొరలు పొరలుగా చుడుతుంది. కొవ్వు ఎక్కువగా ఉండే ఆ పొరే మయలిన్. ఒక్క కణం దాదాపు 50 భాగాల దాకా చుట్టగలదు. ఒక చుట్టకూ మరో చుట్టకూ మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి, వాటిని రాన్వియర్ కణుపులు అంటారు. సంకేతం తంతువంతా పాకకుండా కణుపు నుంచి కణుపుకు దూకుతూ పోతుంది. వేగమూ, శక్తి పొదుపూ రెండూ దానివల్లే.

మయలిన్‌ను కరెంటు తీగ మీది రబ్బరు తొడుగుతో పోల్చి చెప్పడం వాడుక. ఆ పోలిక సగం వరకే సరిపోతుంది. రబ్బరు తొడుగు లోపలి రాగి తీగకు తిండి పెట్టదు, మయలిన్ చుట్టే కణం పెడుతుంది. ఆలిగోడెండ్రోసైట్లు లాక్టేట్‌ను అందించి ఆక్సాన్‌ను పోషిస్తాయని 2012లో జర్మనీ, అమెరికా పరిశోధక బృందాలు విడివిడిగా చూపించాయి. కాబట్టి మయలిన్ పోయిన చోట సంకేతం నెమ్మదించడంతో ఆగదు, ఆ తంతువుకు అందే పోషణ కూడా తెగుతుంది.

పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాఁ-మార్టిన్ షార్కో 1868లో ఈ జబ్బును ప్రత్యేకంగా గుర్తించి వర్ణించినప్పుడు, గట్టిపడిన మచ్చల్లో మయలిన్ పోయినా ఆక్సాన్లు చాలావరకు మిగిలాయని గమనించారు. ఆ మాట తర్వాతి వంద ఏళ్లూ పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. ముందు మయలిన్ పోతుంది, ఆక్సాన్లు పోవడం ఎప్పుడో చివరి దశ మాట అన్న అభిప్రాయం దాన్నుంచే బలపడింది. చికిత్స విషయంలో తొందరేమీ లేదన్న ధోరణికి కూడా అదే ఊతమిచ్చింది.

ఆ నమ్మకాన్ని కుదిపింది 1990ల చివర్లో వచ్చిన రెండు అధ్యయనాలు. ఆక్సాన్ తెగినప్పుడు దాని గుండా సాగే రవాణా ఆగిపోయి కొన్ని ప్రోటీన్లు తెగిన చోట పేరుకుంటాయి. చురుకుగా ఉన్న కొత్త మచ్చల్లో అలాంటి పేరుకుపోయిన ప్రోటీన్లు విస్తారంగా ఉన్నాయని 1997లో ఆక్స్‌ఫర్డ్ బృందం చూపింది. మరుసటి ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో బ్రూస్ ట్రాప్ బృందం వాటిని లెక్కపెట్టింది. చురుకైన మచ్చలో ఒక్క ఘన మిల్లీమీటరుకు 11,000కు పైగా తెగిన ఆక్సాన్లు, పాతబడినా అంచు ఇంకా రగులుతున్న మచ్చల అంచున సుమారు 3,000, జబ్బు లేనివారి మెదడులో ఒకటి కూడా లేదు. జబ్బు బయటపడి ఎంతో కాలం గడవని వారి కణజాలంలోనూ ఇదే దృశ్యం. మయలిన్ మళ్లీ చుట్టుకోగలదు. మెదడులో తెగిన ఆక్సాన్ మళ్లీ అతుక్కోదు. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెడితే తొలి నెలల విలువ తెలుస్తుంది.

చిన్న సిర చుట్టూ

గాయం మెదడులో ఎక్కడ పడితే అక్కడ పడదు. ఎడిన్‌బరోలో జేమ్స్ డాసన్ 1916లో సూక్ష్మదర్శిని కింద చూసి, మచ్చలు చిన్న సిరల వెంట వేళ్లలా సాగి ఉన్నాయని బొమ్మలతో సహా రాశారు. నేటి ఎం.ఆర్.ఐ.లో మచ్చ మధ్యలో నల్లని గీతలా ఆ సిర స్పష్టంగా కనిపిస్తుంది. మైగ్రేన్ వల్లనో, రక్తపోటు వల్లనో వచ్చే తెల్ల మచ్చల్లో చాలావాటికి అలాంటి సిర ఉండదు. అందుకే 2024లో సవరించిన రోగనిర్ధారణ ప్రమాణాల్లో ఈ సిర గుర్తుకు చోటు దక్కింది.

సిర దగ్గర జరిగేది ఇది. రక్తంలో తిరిగే టి-కణాలు అనే రోగనిరోధక కణాలు శరీరంలో వేరే ఎక్కడో ఉత్తేజితమై వస్తాయి. వాటి ఉపరితలం మీది ఒక అణువు మెదడు రక్తనాళపు లోపలి గోడ మీది మరో అణువును పట్టుకుంటుంది. పట్టు దొరికాక గోడ దాటి నాళం చుట్టూ ఉన్న సన్నని సందులోకి దిగుతాయి. అక్కడ కాపలా కణాలు వాటికి మయలిన్ ముక్కల వంటివి చూపిస్తే మళ్లీ రెచ్చిపోతాయి, వాపును పెంచే రసాయనాలు వదులుతాయి. మెదడును రక్తం నుంచి వేరుచేసే అడ్డుగోడ వదులవుతుంది. ఆ సందుల గుండా మరిన్ని టి-కణాలు, యాంటీబాడీలు తయారుచేసే వంశానికి చెందిన బి-కణాలు, భక్షక కణాలు వస్తాయి. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ కూడా లోపలికి కారి, ఫైబ్రిన్‌గా మారి, మెదడులో పుట్టి పెరిగిన రక్షక కణాలైన మైక్రోగ్లియాను రెచ్చగొడుతుంది. స్కాన్‌లో గాడోలినియం మందు మచ్చలోకి ఇంకి మెరిసేది ఈ దశలోనే, అదీ కొన్ని వారాల పాటే.

ఈ కథ నిజమేనా అన్నదానికి గట్టి సాక్ష్యం మందుల నుంచే వచ్చింది. టి-కణం గోడను పట్టుకునే ఆ పట్టును అడ్డుకునే నటాలిజుమాబ్‌కు అమెరికాలో 2004లో అనుమతి లభించింది. రెండేళ్ల పరీక్షలో అది కొత్త మచ్చలను 80 శాతానికి పైగా తగ్గించింది. బి-కణాలను తొలగించే ఆక్రెలిజుమాబ్ కొత్త మచ్చలను దాదాపు ఆపేస్తుంది. బయటి కణాలు రాకపోతే కొత్త గాయాలు పడవన్నమాట.

ఇక్కడితో విషయం తేలిపోయిందనుకుంటే పొరపాటు. అడ్డుగోడ వదులు కాకముందే, స్కాన్‌లో మచ్చ కనిపించడానికి నెలల ముందే, ఆ చోట మామూలుగా కనిపించే శ్వేతపదార్థంలో (మయలిన్ చుట్టిన ఆక్సాన్లు నిండిన మెదడు భాగంలో) సూక్ష్మమైన మార్పులు మొదలవుతాయని 1990ల చివర్లోనే ప్రత్యేక ఎం.ఆర్.ఐ. పద్ధతులు పట్టుకున్నాయి. మరణానంతర పరీక్షల్లో మయలిన్ చెక్కుచెదరని చోట్ల కూడా మైక్రోగ్లియా గుంపులుగా చేరి కనిపిస్తాయి. 2004లో ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ బార్నెట్, జాన్ ప్రినియాస్ వెల్లడించిన పరిశీలన మరింత కలవరపెట్టింది. కొత్త దాడి మొదలైన కొద్ది గంటల్లోనే మరణించిన 14 ఏళ్ల బాలిక మెదడులో, టి-కణాలు దాదాపు లేనిచోట, మయలిన్ ఇంకా నిలిచి ఉండగానే ఆలిగోడెండ్రోసైట్లు మూకుమ్మడిగా చనిపోతున్నాయి. అంటే మొదట మెదడు కణమే కూలి, ఆ శిథిలాలను చూసి రోగనిరోధక కణాలు వచ్చాయా?

ఈ వాదం ఇప్పటికీ నడుస్తోంది. సాక్ష్యాల బరువు మాత్రం రోగనిరోధక వ్యవస్థ వైపే మొగ్గుతోంది. జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచే జన్యు తేడాలు 200కు పైగా దొరికాయి, వాటిలో అత్యధికం పనిచేసేది రోగనిరోధక కణాల్లోనే. అన్నిటికంటే బలమైన తేడా టి-కణాలకు ముక్కలు చూపించే అణువును తయారుచేసే జన్యువులో ఉంది, అది ముప్పును దాదాపు మూడు రెట్లు చేస్తుంది. అయితే జబ్బు ఎంత తీవ్రంగా ముదురుతుందన్నది వేరే ప్రశ్న. 2023లో 22,000కు పైగా రోగుల జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ బృందానికి తీవ్రతతో ముడిపడిన తేడా దొరికింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ తేడాను పొందినవారికి నడకకు ఊతకర్ర అవసరం సుమారు నాలుగేళ్లు ముందే వస్తోంది. ఆ తేడా ఉన్న చోటి జన్యువులు పనిచేసేది ప్రధానంగా మెదడు, వెన్నుపాము కణాల్లో. నిప్పు బయటి నుంచి వస్తుంది, ఎంత నష్టం జరిగేదీ మెదడు తట్టుకునే శక్తిని బట్టి ఉంటుంది.

ఆక్సాన్ తెగే తీరు

తొలి గాయంలో అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

మయలిన్ ఊడిన ఆక్సాన్ మొదట సర్దుకోవడానికి ప్రయత్నిస్తుంది. కణుపుల దగ్గర మాత్రమే ఉండే సోడియం ద్వారాలను బోసిపోయిన భాగమంతటా పరుచుకుంటుంది. సంకేతం దూకలేకపోయినా పాకుతూ వెళుతుంది. మసకబారిన కన్ను మళ్లీ కనిపించడానికి వాపు తగ్గడం ఒక కారణమైతే, ఈ సర్దుబాటు ఇంకో కారణం. కానీ దీనికి ఖర్చుంది. ఇన్ని ద్వారాల గుండా లోపలికి వచ్చిన సోడియంను బయటికి తోడాలంటే ఎంతో ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా ఆ సమయానికే శక్తినిచ్చే మైటోకాండ్రియాలు దెబ్బతిని ఉంటాయి. చుట్టూ చేరిన భక్షక కణాలూ మైక్రోగ్లియా వదిలే ఆక్సీకరణ రసాయనాలు, నైట్రిక్ ఆక్సైడ్ వాటిని కుంటుపరుస్తాయి. పోషణ ఇచ్చే ఆలిగోడెండ్రోసైట్ ఎలాగూ లేదు. ప్రాణవాయువు ఉండీ వాడుకోలేని స్థితి అది.

సోడియంను తోడే పంపు నెమ్మదించగానే లోపల సోడియం పేరుకుంటుంది. మామూలుగా సోడియంను లోపలికి రానిచ్చి కాల్షియంను బయటికి పంపే మార్పిడి వ్యవస్థ అప్పుడు తిరగబడుతుంది. కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం పెరిగిన ఆక్సాన్‌లో ప్రోటీన్లను కోసే ఎంజైములు మేల్కొని తంతువు లోపలి అస్థిపంజరాన్ని ముక్కలు చేస్తాయి. రవాణా ఆగుతుంది, అక్కడక్కడా ఉబ్బులు వస్తాయి, చివరికి తంతువు తెగుతుంది.

2011లో మ్యూనిచ్ పరిశోధకులు బతికున్న ఎలుకల వెన్నుపాములో ఈ దశలను సూక్ష్మదర్శినితో నేరుగా చూశారు. మయలిన్ ఇంకా పూర్తిగా ఉన్న ఆక్సాన్లు కూడా ఉబ్బుతున్నాయి. అంటే తొడుగు పోయాకే తీగ తెగుతుందన్న వరుస కూడా తప్పనిసరి కాదు. మరింత ముఖ్యమైనది రెండో పరిశీలన. ఉబ్బిన ఆక్సాన్లలో కొన్ని రోజుల తరబడి అలాగే ఉండి, తర్వాత కొన్ని తెగాయి, కొన్ని మామూలు స్థితికి తిరిగి వచ్చాయి. ఆక్సీకరణ రసాయనాలను తటస్థం చేసినప్పుడు కోలుకున్నవి పెరిగాయి. చావుకూ బతుక్కూ మధ్య ఆక్సాన్‌కు కొంత వ్యవధి ఉందన్నమాట. ఎలుకలో కనిపించిన ఈ వ్యవధిని మనిషిలో అందిపుచ్చుకునే మందు ఇంకా రాలేదు, కానీ తొలి వాపును త్వరగా అణచడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

గాయం శ్వేతపదార్థానికే పరిమితం కాదన్నది కూడా ఆలస్యంగా తెలిసిన సంగతే. మామూలు ఎం.ఆర్.ఐ. మెదడు పైపొరలోని మచ్చలను చాలావరకు పట్టుకోలేదు. 2011లో క్లాడియా లుకినెటి బృందం 138 మంది రోగుల తొలి దశ బయాప్సీలను పరిశీలిస్తే 38 శాతం మందిలో పైపొరలోనూ మయలిన్ పోయి ఉంది, ఆ చోట్ల టి-కణాలు కూడా ఉన్నాయి. తొలి దశలోనే కొందరికి ఏకాగ్రత తగ్గడం, ఆలోచన నెమ్మదించడం, అంతులేని అలసట ఎందుకు వస్తాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. అలసటను బద్ధకమని ఇంట్లోవాళ్లూ, ఒత్తిడి అని కొన్నిసార్లు వైద్యులూ కొట్టిపారేయడం చాలా బాధాకరం.

లక్షణాలు లేని ఏళ్లు

ఆక్సాన్ తెగినప్పుడు దాని అస్థిపంజరంలోని న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్ వెన్నుపాము ద్రవంలోకీ, అక్కడి నుంచి రక్తంలోకీ చేరుతుంది. రక్తంలో దాని పరిమాణం అతి స్వల్పం, ఇటీవలి పరికరాలకే అది అందుతుంది. అమెరికా సైన్యం తన సిబ్బంది నుంచి ఏళ్ల తరబడి సేకరించి భద్రపరిచిన రక్త నమూనాలు ఈ పరిశోధనకు పెన్నిధి అయ్యాయి. తర్వాత ఎం.ఎస్. వచ్చినవారి పాత నమూనాలను పరీక్షిస్తే, తొలి లక్షణానికి సుమారు ఆరేళ్ల ముందే ఈ ప్రోటీన్ పెరిగి ఉందని 2020లో తేలింది. 2025లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం అదే భాండాగారంలో వేల ప్రోటీన్లను కొలిచింది. మయలిన్ దెబ్బతిన్నదని తెలిపే ప్రోటీన్ లక్షణాలకు దాదాపు ఏడేళ్ల ముందు పెరిగిందనీ, ఆక్సాన్ దెబ్బతిన్న సూచన ఆ తర్వాత ఏడాదికి కనిపించిందనీ ప్రకటించింది. మయలిన్ ముందు, ఆక్సాన్ తర్వాత అన్న పాత వరుస ఇక్కడ కొంత నిలబడింది. తేడా ఏమిటంటే రెండింటి మధ్య దశాబ్దాలు లేవు.

అంతకంటే వెనక్కి వెళ్తే ఎప్‌స్టీన్–బార్ వైరస్ కనిపిస్తుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవారే. కోటి మందికి పైగా సైనికుల సమాచారంతో 2022లో హార్వర్డ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఈ వైరస్ సోకాక ఎం.ఎస్. ముప్పు 32 రెట్లు పెరిగింది. నమూనాలు దొరికిన 801 మంది రోగుల్లో జబ్బుకు ముందు వైరస్ సోకని వ్యక్తి ఒక్కరే. న్యూరోఫిలమెంట్ పెరిగింది కూడా వైరస్ సోకాకే. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఈ వైరస్‌లోని ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ మెదడులోని సహాయక కణాల ప్రోటీన్‌ను కూడా అదే అనుకుని పట్టుకుంటుందని చూపించారు. వైరస్ సోకిన వారిలో అత్యధికులకు ఎం.ఎస్. రాదు కాబట్టి అది ఒక్కటే చాలదు. జన్యువులు, పొగతాగడం, కౌమారంలో ఊబకాయం, డి విటమిన్ కొరత తోడవుతాయి. భారత ఉపఖండం నుంచి బ్రిటన్‌కు వలస వెళ్లినవారిలో ఈ జబ్బు తక్కువ, అక్కడే పుట్టిన వారి పిల్లల్లో స్థానికుల స్థాయికి చేరువ. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయమిది.

తలనొప్పికో, తలకు దెబ్బ తగిలినప్పుడో తీసిన స్కాన్‌లో అనుకోకుండా ఎం.ఎస్. లాంటి మచ్చలు బయటపడినవారు ఈ మౌనదశకు ప్రత్యక్ష సాక్షులు. పదేళ్లలో వారిలో సగం మందికి లక్షణాలు వస్తాయి. అలాంటివారికి ముందుగానే డైమిథైల్ ఫ్యూమరేట్ అనే ఎం.ఎస్. మందు ఇస్తే తొలి దాడి ముప్పు 80 శాతానికి పైగా తగ్గిందని ఒక చిన్న పరీక్ష చూపింది. తగిన ఇతర ఆధారాలు ఉంటే లక్షణాలు లేకున్నా ఎం.ఎస్. అని నిర్ధారించడానికి 2024 ప్రమాణాలు వీలు కల్పించాయి.

దాడులు ఆగినా ఆగనిది

ఇంత బలమైన మందులు వచ్చాక కూడా కొందరిలో వైకల్యం మెల్లగా పెరుగుతూనే ఉంది. మచ్చల్లో కొన్ని మానవు. అడ్డుగోడ మూసుకుపోయాక కూడా వాటి అంచున ఇనుము నిండిన మైక్రోగ్లియా వలయంలా నిలిచి, ఏళ్ల తరబడి చుట్టుపక్కల కణజాలాన్ని కొరుకుతూ ఉంటాయి. ఇలాంటి మచ్చలు నాలుగు, అంతకు మించి ఉన్నవారికి వైకల్యం త్వరగా వస్తుందని 2019లో మార్టినా అబ్సింటా బృందం చెప్పింది. రక్తం నుంచి వచ్చే కణాలను ఆపే మందులు ఈ వలయాన్ని పెద్దగా తాకవు. మెదడులోకి చేరి మైక్రోగ్లియా మీద పనిచేసే టోలెబ్రుటినిబ్, దాడులు లేకుండా ముదిరే దశలో వైకల్యం పెరిగే ముప్పును 31 శాతం తగ్గించింది. కాలేయానికి హాని చేయగల మందు కాబట్టి ఆ ఫలితాన్ని జాగ్రత్తగా తూచాలి. ఈ వలయాలు ఏర్పడేది చురుకైన మచ్చల నుంచే. కొత్త మచ్చలు పడకుండా మొదట్లోనే ఆపితే కొత్త వలయాలకు ఆస్కారం తగ్గుతుంది. బలమైన మందును జబ్బు మొదలైన రెండేళ్లలోపు ప్రారంభించినవారు, నాలుగు నుంచి ఆరేళ్ల తర్వాత ప్రారంభించినవారి కంటే మెరుగ్గా ఉన్నారని 2020లో వెలువడిన రోగుల రికార్డుల విశ్లేషణ కూడా చెబుతోంది.

మన దేశంలో తొందరపాటుకు కూడా ఒక హద్దు ఉంది. ఇక్కడ దృష్టినాడి వాపుతో వచ్చే ప్రతి కేసూ ఎం.ఎస్. కాదు. న్యూరోమయలైటిస్ ఆప్టికా అనే జబ్బులో గాయం ఆలిగోడెండ్రోసైట్‌తో కాక ఆస్ట్రోసైట్ అనే మరో సహాయక కణంతో మొదలవుతుంది. ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ మీద తయారైన యాంటీబాడీ దానికి మూలం. పైకి కన్ను మసకబారడం, కాళ్లు పడిపోవడం అవే. కానీ ఎం.ఎస్.కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ ఈ జబ్బులో మేలు చేయకపోగా దాన్ని ఉధృతం చేయగలవు. అందుకే తొలి దాడి తర్వాత స్టెరాయిడ్‌తో చూపు వచ్చినా ఇంటికి పంపేయకుండా, మెదడుతో పాటు వెన్నుపాముకు కూడా ఎం.ఆర్.ఐ. తీయించాలి. ఆక్వాపోరిన్-4 మీదా, మయలిన్‌లోని మాగ్ (MOG) అనే ప్రోటీన్ మీదా తయారయ్యే యాంటీబాడీల రక్తపరీక్ష చేయించి, ఆ ఫలితం చూశాకే దీర్ఘకాలిక మందు ఎంచుకోవాలి. ఈ పరీక్షలకు పట్టేది కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు.